నాది అన్నవాడిదే బంతి

ఆరెంజ్ అనే పట్నంలో కంటి డాక్టరు చెప్పిన మాట ఇద్దరికే తెలుసు. ఒకరు ఎరల్ పాస్కో, రెండోవారు అతని భార్య నోరీన్. "చూపు అంచులు మిగులుతాయి, మధ్యలోది మాత్రం పోతుంది, ఇప్పటికే చాలా పోయింది" అని డాక్టరమ్మ మెల్లగా చెబితే, ఎరల్ తలాడించి, "శనివారం దాకా ఆగుతుందా?" అని అడిగాడు. ఆవిడ హాస్యమనుకుని నవ్వింది. నోరీన్ నవ్వలేదు. శనివారం ఏముందో ఆవిడకు తెలుసు. ఇంటికొచ్చే దారంతా కారు నడుపుతూ, "ఎవరికైనా చెప్పు" అని ఆవిడ, "ఎవరికీ చెప్పకు" అని అతను, గొర్రెల పొలాలన్నీ దాటేదాకా ఇదే గొడవ. చివరికి ఎరల్ మాటే నెగ్గింది. నెగ్గించుకున్నాడు గానీ, ఆ తర్వాత కంటి నిండా నిద్రపోయింది లేదు.

ఆ శనివారం రానే వచ్చింది.

ఆస్ట్రేలియాలో ఆగస్టంటే చలికాలం. పొద్దున గడ్డి మీద పేరుకున్న మంచు మధ్యాహ్నానికి కరిగి, వాళ్ళ ఊరు కురాబిల్‌లో రగ్బీ మైదానం తడితడిగా మెరుస్తోంది. గేటు పక్కన వరసగా నిలిపిన ట్రక్కుల వెనక భాగాల్లో గొర్రెల కుక్కలు కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తనిఖీ చేస్తున్నాయి. ఇనప పెనం మీద సాసేజీలు, ఉల్లిపాయలు వేగుతున్న వాసన గోల్‌పోస్టుల దాకా పాకింది. పాత ఆటగాళ్ళ రోజంటే ఆ ఊళ్ళో క్రిస్మస్ తర్వాత అంతటిది. ఎక్కడెక్కడి పొట్టలూ, బట్టతలలూ పాత క్లబ్బు టైలు కట్టుకుని దిగబడతాయి.

ఆ రోజున హాఫ్‌టైమ్‌లో ఒక ఆచారం ఉంది. క్లబ్బు పాత ఫుల్‌బ్యాక్ పదిహేనో నంబరు జెర్సీ తొడుక్కుని ఒంటరిగా మైదానంలోకి వెళ్తాడు. నడిమి గీత దగ్గర్నుంచి ఒకరు బంతిని ఆకాశంలోకి తంతారు. అతను "నాది" అని కేక వేసి పట్టాలి. పట్టాడా, జెర్సీ మరో ఏడాది అతనిదే. పారేశాడా, అక్కడే ఆ చలిలో విప్పి, తర్వాతివాడి చేతిలో పెట్టి రావాలి.

ఎరల్‌కు ముందు ఆ జెర్సీ స్టాన్ గిల్‌ఫిలన్‌ది. బంతి భుజానికి తగిలి నేలపడ్డ రోజున స్టాన్ నవ్వుతూనే జెర్సీ విప్పి ఎరల్‌కి ఇచ్చాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత స్టాన్ మళ్ళీ మైదానం గడప తొక్కలేదు. ఊళ్ళోనే ఉండేవాడు, రొట్టెల కొట్టు దగ్గర కనపడితే బాగానే మాట్లాడేవాడు. శనివారం వస్తే మాత్రం ఇంట్లో తలుపేసుకునేవాడు. పోయేదాకా అంతే. ఎరల్ ఇప్పుడు భయపడుతున్నది బంతికి కాదు, ఆ మూసిన తలుపుకి.

ఎందుకంటే ఎరల్ పాస్కో అనే పేరు కురాబిల్‌లోనే కాదు, ఒకప్పుడు దేశమంతా మోగింది. ఆకుపచ్చ, బంగారు రంగు జెర్సీలో ఆస్ట్రేలియాకి ఫుల్‌బ్యాక్‌గా ఆడినవాడు. ఫుల్‌బ్యాక్ అంటే అందరికంటే వెనకాల ఒంటరిగా నిలబడేవాడు. అవతలివాళ్ళు బంతిని నిట్టనిలువునా పైకి తన్ని, అది దిగేలోపు ఎద్దుల్లా దూసుకొస్తారు. కిందున్నవాడు పైకి చూడాలి, వచ్చేవాళ్ళని చూడకూడదు. "నాది" అని అరవాలి. అలా అరిచాక సొంత జట్టువాళ్ళు కూడా పక్కకు తప్పుకుంటారు. ఇక పట్టినా వాడిదే, పారేసినా వాడిదే. ఎరల్ పారేయగా చూసినవాడు లేడు. అందుకే "ట్యాంకు" అని పేరు పెట్టారు. ఆ వానలు తక్కువ సీమలో ఆకాశం నుంచి ఏ చుక్క పడ్డా ఇంటి పక్క ట్యాంకులోకే కదా పోయేది. డబ్బిచ్చి ఆడించే రగ్బీ లీగ్‌వాళ్ళు సిడ్నీ నుంచి వచ్చి వంటింట్లో కూర్చుని బతిమాలినా అతను కదల్లేదు. గోధుమ పొలం, డబ్బు రాని రగ్బీ యూనియన్ ఆట, నోరీన్, ఈ మూడూ చాలన్నాడు. ఊరివాళ్ళు ఆ మాట ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ వరసలో తనది మూడో స్థానమని నోరీన్ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

మొదటి సగం ఆట బయట నడుస్తోంది. క్లబ్బు గది దాదాపు ఖాళీ. ఎరల్ బారు ముందు ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉండగా, చేతికర్ర టకటకలాడించుకుంటూ లెక్స్ డన్ఫీ వచ్చి పక్కన చేరాడు. లెక్స్ పాత ఫ్లైహాఫ్, అంటే జట్టులో బంతి తన్నే పని ఎక్కువగా చేసేవాడు. ఇద్దరూ ఒకే బడి, ఒకే క్లబ్బు, ఒకే టెస్టు జట్టు. ఏటా హాఫ్‌టైమ్‌లో ఎరల్‌కి బంతి తన్నేది అతనే.

"మోకాలు పట్టేసిందని చెప్పు," అన్నాడు లెక్స్, ఒక బీరు గ్లాసు ముందుకు తోస్తూ.

"ఎవరి మోకాలు?"

"నీదే. జెర్సీ మర్యాదగా ఎవరికైనా ఇచ్చేయ్. పట్టావన్న మాటా వద్దు, పారేశావన్న మాటా వద్దు."

"నా మోకాలికేం రా, గుర్రంలా ఉంది."

"మోకాలు గుర్రమే. కళ్ళ సంగతేమిటి?"

ఎరల్ గ్లాసు కోసం చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసు పక్కన గాలిని పట్టుకుంది. లెక్స్ ఏమీ జరగనట్టే గ్లాసుని అతని వేళ్ళలోకి జరిపాడు. ఆ జరపడంతో ఎరల్‌కి అంతా అర్థమైపోయింది. 

"నోరీన్ చెప్పిందా?"

"ఆవిడ చెప్పాలా? మొన్న బౌల్స్ ఆటలో మన గురిబంతి వదిలేసి పక్క వరసవాళ్ళ గురిబంతి దగ్గరికి బంతి దొర్లించావు. ఎంత చక్కగా దొర్లించావంటే వాళ్ళు చప్పట్లు కొట్టారు. ట్యాంకుకి ఈమధ్య వెటకారం ఎక్కువైందని నేనే సర్దేశాను. చర్చి బయట ఫాదర్ని పట్టుకుని 'ఏం గ్రేస్, మనవలు బాగున్నారా' అన్నావు. పాపం ఆయన బాగున్నారనే చెప్పాడు."

"ఆయన వేసుకున్నది గౌనులాగే ఉంది కదా."

"అందుకని బుగ్గ మీద ముద్దు పెడతావా?"

ఎరల్‌కి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కోపమూ వచ్చింది. లెక్స్ వైపు తిరిగి చూశాడు. చెవులు కనపడ్డాయి, కాలరు కనపడింది, తోలుటోపీ అంచు కనపడింది. మధ్యలో, చిన్నప్పట్నుంచీ చూస్తున్న ఆ మొహం ఉండాల్సిన చోట, తుడిచేసిన పలక ఉంది. 

"ఒక్కసారి," అన్నాడు. "ఈ ఒక్కసారి పడతాను. ఏటా పట్టడం లేదూ?"

లెక్స్ తల దించుకున్నాడు. నేల మీద చేతికర్రతో ఏదో గీశాడు.

"ఏటా ఎలా పడుతున్నావనుకున్నావ్?"

"అంటే?"

"అంటే ఏముంది. కొన్నేళ్ళుగా నేను నీ గుండెల మీదకే దింపుతున్నాను. అడుగు తీసి అడుగు వేసిన జ్ఞాపకం ఉందా నీకు? నిలబడతావు, చేతులు చాపుతావు, అది వచ్చి పడుతుంది. జనం లేచి గంతులేస్తారు. నేను మాత్రం ముందు రోజంతా పెరట్లో సాధన చేసి చస్తాను."

ఎరల్ గ్లాసు కింద పెట్టాడు. పెట్టాననుకున్న చోటు కంటే బల్ల కాస్త ఎత్తుగా ఉంది, బీరు చిందింది.

"నాకు జాలి బంతులు వేశావా నువ్వు?" అన్నాడు. "నా జీవితంలో ఎవడూ నాకు మెత్తటి బంతి వేయలేదు. వేయనివ్వలేదు. నువ్వు వేశావా?"

"వేశాను. మళ్ళీ వేద్దును కూడా, తుంటి ఎముక మార్పించుకోకపోయుంటే. ఈసారి నేను తన్నలేను. కమిటీవాళ్ళు టిల్లీకి చెప్పారు. అందుకే నీ మోకాలు పట్టేయాలంటున్నాను."

టిల్లీ ఎరల్ కూతురి కూతురు. పశువుల ఆసుపత్రిలో పని, ఆడవాళ్ళ జట్టులో ఫ్లైహాఫ్. ఆ పిల్ల తంతే బంతి మేఘాల్లో టీ తాగి దిగుతుందని ఊళ్ళో అంటారు. దానికి తన్నడం నేర్పింది ఎరలే, ఇంటి వెనక పొలంలో. తన్నడం ఒక్కటేనా. క్లబ్బులో ఏ పిల్ల, ఏ పిల్లాడు బూటు కట్టినా ఎరల్ ముందు చెప్పే మాట ఒకటే, బంతి మీంచి కన్ను తీయొద్దు. ఆ మాట చెప్పే హక్కు అతనికి ఎక్కడ వచ్చిందో బారు వెనక గోడ మీద అందరికీ కనపడుతూనే ఉంటుంది.

ఆ ఫోటో న్యూజిలాండ్‌లో తీసింది. కుండపోత వాన, రెండు దేశాల మధ్య టెస్టు ఆట ఆఖరి నిమిషం, గెలుపోటములకి మధ్య ఒక్క బంతి. వెనక నుంచి తీశారు. వీపు మీద పదిహేను, పైకెత్తిన చేతులు, వేళ్ళ మధ్యలోకి దిగుతున్న బంతి, ఎదురుగా బురద చిమ్ముకుంటూ వస్తున్న నల్ల జెర్సీలు. మొహం కనపడదు. మరుసటి క్షణంలో అతను మడమ నేలలో గుచ్చి "మార్క్" అని అరిచాడు. ఆ రోజుల్లో పద్ధతి అది. నిలబడి పట్టి, మడమతో నేలని గుర్తుపెట్టి, అరిస్తే ఇక ఎవరూ ముట్టుకోకూడదు. అరిచాడు, ఆట ముగిసింది, ఆస్ట్రేలియా గెలిచింది. మర్నాడు పత్రికవాళ్ళు రాసిన వాక్యాన్ని ఫోటో కింద ఇత్తడి రేకు మీద చెక్కించారు: "ఒక్క క్షణం కూడా బంతి మీంచి కన్ను తీయలేదు."

లెక్స్ ఆ రేకు వైపే చూస్తున్నాడని ఎరల్‌కి ఎలాగో తెలిసింది.

"ఆ రోజు నేను నీ కుడిపక్క ఉన్నాను," అన్నాడు లెక్స్. "నువ్వు పారేస్తే ఏరుకుందామని పరిగెత్తుకొస్తున్నాను. నీ మొహం నాకు ఎదురుగా ఉంది."

ఎరల్ స్టూలు మీద అతని వైపు తిరిగాడు.

"సూది మందుకి భయపడే పిల్లాడు ఎలా మూసుకుంటాడు? అలా మూసుకున్నావు కళ్ళు. గట్టిగా. బంతి చేతుల్లో పడి, మార్క్ అని అరిచాక గానీ తెరవలేదు."

బయట ఎవరో మంచి పరుగు తీసినట్టున్నారు, జనం కేకలు వేశారు.  ఆ రహస్యాన్ని ఎరల్ తనతోపాటు మట్టిలోకి తీసుకుపోదామనుకున్నాడు. నోరీన్‌కి కూడా చెప్పలేదు. ఆ ఇత్తడి రేకు చూసినప్పుడల్లా తల తిప్పుకునేవాడు. ఎవరైనా బీరు ఇప్పించి ఆ క్యాచ్ గురించి చెప్పమంటే నీళ్ళు నమిలేవాడు, జనం దాన్ని వినయం అనుకునేవారు. ఇన్నేళ్ళూ ఈ మనిషి పక్కనే కూర్చుని ఆ కథలన్నీ విన్నాడు.

"తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పను? పట్టావు కదరా."

"దొంగ పేరు అది, లెక్స్. పిల్లలకి ఆ మాట చెబుతున్నప్పుడల్లా సిగ్గేసేది నాకు."

"పిల్లలకి చెప్పింది మంచి మాటే. నువ్వు పాటించలేదు, అంతే. మా నాన్న నాకు చెప్పినవన్నీ అలాంటివే." లెక్స్ కాస్త దగ్గరికి జరిగాడు. "కానీ ఒకటి అడగాలని ఎప్పట్నుంచో ఉంది. ఎలా పట్టావు?"

 వాన వాసన వచ్చినట్టయింది, తడి ఉన్ని జెర్సీ బరువు భుజాల మీద పడ్డట్టయింది. ఆ రోజుల మీద ప్రేమ ఒక్కసారిగా పొంగుకొచ్చి కళ్ళు చెమర్చాయి. ఆ కళ్ళు కన్నీళ్ళకి మాత్రం బాగానే పనిచేస్తున్నాయి.

"బూట్ల చప్పుడు," అన్నాడు చివరికి. "వాళ్ళ బూట్లు బురదలో చప్పుడు చేస్తూ వస్తున్నాయి. భయమేసింది. నిజంగా భయమేసింది రా. కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. కానీ అప్పటికే విన్నాను నేను, అవతలివాడు తన్నినప్పుడు. బంతి బూటుకి ఎలా తగిలిందో వింటే ఎక్కడ పడుతుందో తెలిసిపోయేది నాకు. ఎంత ఎత్తు, ఎటు వాలుతుంది, అన్నీ. అక్కడికి వెళ్ళి నిలబడ్డాను. అంతే."

"టిల్లీ బూటు చప్పుడు తెలుసా నీకు?"

"దాని చిన్నతనం నుంచీ వింటున్నాను."

లెక్స్ ఇంకేదో అనబోయాడు. అంతలో తలుపు తోసుకుని టిల్లీయే వచ్చింది. చెవుల మీదికి ఉన్ని టోపీ, చేతిలో బంతి, బూట్ల నిండా గడ్డి. తాతని పుట్టినప్పట్నుంచీ పాప్ అనే పిలిచేది.

"పాప్, ఇంకా కూర్చునే ఉన్నావా? హాఫ్‌టైమ్ అవుతోంది. జెర్సీ వేసుకో." వచ్చి అతని టై సరిచేసింది. "ముందే చెబుతున్నా, నేను లెక్స్ మావయ్యలా తన్నను. ఆయన బంతులు సోఫా కుషన్లలాగా దిగేవి."

"చూశావా," అన్నాడు ఎరల్ లెక్స్‌తో. "పిల్లకి కూడా తెలుసు. నాకొక్కడికే తెలీదు."

"ఏం తెలీదు?" అంది టిల్లీ.

లెక్స్ ఎరల్ వైపు చూశాడు. చెప్పాల్సినవాడు ఎరలే. ఒక్క మాట చాలు. నాకు కనపడటం లేదమ్మా అంటే ఈ పిల్ల గుండెల మీదకే దింపుతుంది, లెక్స్ కంటే మెత్తగా దింపుతుంది. జెర్సీ దక్కుతుంది, పేరు దక్కుతుంది. ఇంకో దొంగ క్యాచ్ కూడా దక్కుతుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎరల్ దాన్ని మింగేశాడు.

"తాతకి తన్నినట్టు తన్నకు," అన్నాడు. "ఆటగాడికి తన్నినట్టు తన్ను."

టిల్లీ నవ్వింది. "నువ్వే అన్నావు. తర్వాత నన్ను తిట్టకూడదు."

బయట మైదానం అంచు గీత దగ్గర నోరీన్ జెర్సీ పట్టుకుని నిలబడి ఉంది. కోటు విప్పించి, అతని తల మీంచి జెర్సీ తొడిగి, చేతులు లాగి సరిచేసింది. పొట్ట దగ్గర బిగుతైంది. ఆవిడ చేతులు చల్లగా ఉన్నాయి.

"దానికి చెప్పావా?" అని చెవిలో అడిగింది.

"లేదు."

ఆవిడ తిట్టలేదు. తిడుతుందని కాచుకున్నాడు, తిట్టి ఉంటే బాగుండేది. "పట్టినా, పారేసినా కారు నడిపేది నేనే," అంది. "వచ్చే శనివారం కూడా నేనే నడుపుతాను, ఈ మైదానానికే. తలుపేసుకుని ఇంట్లో కూర్చుంటానంటే ఆ తలుపు పీకించేస్తాను. విన్నావా?"

"విన్నాను."

"ఇక పో."

ఎరల్ నడిచాడు. గడ్డి కాళ్ళకి తెలుసు, ఆ మైదానం ప్రతి ఎత్తూ పల్లమూ పాదాలకి తెలుసు. మైకులో ఎవరో అతని టెస్టుల గురించి, ఆ వాన గురించి, కన్ను తీయకపోవడం గురించి చెబుతున్నారు. రెండు వైపులా జనం చూపు అంచుల్లో రంగురంగుల చారల్లా కనిపిస్తున్నారు. ఎదురుగా, నడిమి గీత దగ్గర, టిల్లీ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎరల్ ఆగి, తన చోటు అనిపించిన చోట నిలబడ్డాడు. జనం మాటలు సద్దుమణిగాయి. గేటు దగ్గర ఒక కుక్క మొరిగి ఊరుకుంది.

అప్పుడు ఎరల్ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి భయపడి కాదు, కావాలనే. మధ్యలో మచ్చ పోయింది. చీకటి నిండుగా, హాయిగా ఉంది. చాలా రోజుల తర్వాత లోకమంతా ఒకేలా ఉన్నట్టనిపించింది.

ధన్‌మని బూటు తగిలింది.

మంచి తన్ను. నిండుగా, బంతి నడుముకి తగిలింది. బాగా ఎత్తు, కాస్త ఎడమకి, పడమటి గాలి దాన్ని ఇంకాస్త ఇటే తోస్తుంది. కాళ్ళు వాటంతటవే కదిలాయి. వెనక్కి, ఎడమకి, ఇంకాస్త వెనక్కి. జనం ఊపిరి బిగబట్టారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎరల్ ఒక బంతి కోసం అడుగు తీసి అడుగు వేశాడు, ఒళ్ళంతా సంతోషమైంది. ఇక్కడే. సరిగ్గా ఇక్కడే దిగుతుంది.

అంతలో ఇంకో చప్పుడు వినపడింది.

బూట్లు. తడి గడ్డిని చీల్చుకుంటూ, వేగంగా, సూటిగా తన మీదికే వస్తున్న బూట్లు. ఆచారంలో అది లేదు. బంతి తన్నినవాళ్ళు నడిమి గీత దగ్గరే నిలబడాలి, ఏనాడూ ఎవరూ వెంటపడలేదు. మరుక్షణం ఎరల్‌కి అర్థమైంది. ఆటగాడికి తన్నినట్టు తన్నమన్నది తనే. ఆటలో తన్నినవాళ్ళు నిలబడిపోరు, తమ బంతి కింద తామే పరిగెత్తుకొస్తారు. అది కూడా ఆ వెనక పొలంలో నేర్పింది తనే. తాతకి కళ్ళున్నాయనుకుని, చూసి తప్పుకుంటాడనుకుని, ఆ పిల్ల ఉన్న బలమంతా పెట్టి వస్తోంది.

"టిల్లీ, ఆగు," అని అంచు గీత దగ్గర్నుంచి నోరీన్ గొంతు చీలిపోయేలా అరిచింది. "ఆయనకి కనపడదే."

మైదానమంతా ఆ మాట విన్నది. బూట్లు ఆగాయో లేదో ఎరల్‌కి తెలియలేదు. పైన బంతి గాలిని కోస్తూ దిగుతున్న సన్నటి చప్పుడొక్కటే వినపడుతోంది. అతను కళ్ళు తెరవలేదు. మడమ నేలలో గుచ్చాడు, చేతులు పైకెత్తాడు, ఆ వానలో అరిచిన గొంతుతోనే అరిచాడు.

"నాది."